ఆల్బమ్ నిండా పిల్లలే, అమ్మ ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ ఆదివారం బుక్‌లో పిల్లల జ్ఞాపకాలు దాచుకోడం గురించి, అదే ఇప్పుడు అందరూ స్క్రాప్‌బుక్ అంటున్నారు కదా, దాని మీద వ్యాసం వేశారు, చదివాను. బాగానే ఉంది గానీ నాకొక పేచీ ఉందండి. మొత్తం స్టిక్కర్లు, వాషి టేపులు అనే రంగురంగుల డిజైన్ల కాగితం టేపులు, పన్నెండు ఇంచీల ఆల్బమ్‌లు, ఏ రంగు పక్కన ఏ రంగు బాగుంటుంది, ఇదే సరిపోయింది. ఆ పుస్తకంలో ఏం రాయాలో ఒక్క ముక్క లేదు. అమ్మ అందులో ఎక్కడుండాలో అసలే లేదు. పిల్లాడు బోర్లా పడ్డాడు, పాకాడు, కేకు కోశాడు, అన్నీ ఉన్నాయి, ఆ ఫోటోలన్నీ తీసిన మనిషి మాత్రం ఏ పేజీలోనూ కనపడదు.

మన ఇళ్ళల్లో ఫంక్షన్లకేం తక్కువ లేదు. సీమంతం, బారసాల, అన్నప్రాసన, పుట్టెంట్రుకలు, చెవులు కుట్టించడం, అక్షరాభ్యాసం, ప్రతిదానికీ ఫోటోగ్రాఫరొస్తాడు, లైట్లు పెడతాడు, తర్వాత రెండు చేతులా ఎత్తాల్సినంత బరువున్న కరిజ్మా ఆల్బమ్ ఒకటి ఇస్తాడు, అది బీరువా పైకెక్కి కూర్చుంటుంది, చుట్టాలొస్తే దించుతాం. అందులో అమ్మ ఉంటుంది, కాదనను, పట్టుచీర కట్టుకుని, నగలు పెట్టుకుని, నవ్వమంటే నవ్వుతూ. కానీ ఇక్కడ బెంగళూరు కుందలహళ్ళిలో పొద్దున్నే ఒక చేత్తో దోసె తిప్పుతా ఇంకో చేత్తో జడేస్తా, ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి స్కూల్ వ్యాన్ దాకా నైటీ మీద చున్నీ వేసుకుని పరిగెత్తే మనిషి ఎక్కడుందండీ ఆ ఆల్బమ్‌లో? పిల్లలు పెద్దయ్యాక మా అమ్మ ఎట్లా ఉండేదని వెతుక్కుంటే దొరకాల్సింది ఆవిడే కదా.

అందుకని నేను మా ఫ్రెండ్స్‌కి చెప్పేది ఒకటే, పుస్తకం మొదలుపెట్టే ముందు ఫోన్ వేరేవాళ్ళ చేతికివ్వండి అని. మొగుళ్ళకి చెప్పాలి, అదీ చెప్పి చెప్పి చెప్పాలి, అబ్బాయి ఏం చేసినా ఫోటో తీస్తారు గానీ పక్కనున్న మనల్ని తియ్యాలని వాళ్ళకి తోచదు, చెడ్డతనమేం కాదు, అలవాటు లేదంతే. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే పిల్లలకే ఇవ్వడం. నాలుగైదేళ్ళ పిల్ల తీసిన ఫోటో చూడండి ఎప్పుడైనా, వంకరగా ఉంటుంది, సగం గడ్డం సగం స్టవ్వు పడుతుంది, కింద నుంచి పైకి తీస్తారు కాబట్టి మనం ఇంత పొడుగ్గా కనిపిస్తాం. వాళ్ళకి మనం రోజూ అట్లాగే కనిపిస్తాం కదా మరి. అవి ప్రింట్ వేయించండి, మొహం బాలేదని డిలీట్ చెయ్యకండి.

ప్రింట్ అన్నాను కాబట్టి చెప్తున్నా, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని అట్లాగే స్టూడియోకి పంపితే చాలాసార్లు మసగ్గా వస్తుంది, వాట్సాప్ మామూలుగా ఫోటోని చిన్నది చేసి పంపుతుంది కాబట్టి. డాక్యుమెంట్‌గా పంపమనండి. నాలుగు బై ఆరు సైజు ప్రింట్ శుభ్రంగా రావాలంటే 1200 బై 1800 పిక్సెల్స్ ఉంటే చాలు, ఇప్పటి ఫోన్లన్నిట్లో అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఫోన్లో ఉన్నాయిలే ఎక్కడికి పోతాయి అనుకునేవాళ్ళకి ఇంకోమాట, గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేనన్ని ఫోటోలు ఫ్రీగా దాచుకోడం 2021 జూన్ 1తో అయిపోయింది, 15 జీబీ దాటితే నెలనెలా కట్టాల్సిందే, కట్టడం మానేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

ఇక ఏం పెట్టాలి ఆ పుస్తకంలో అనేదానికి నా జవాబు, ముందు మీ ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ చూడండి. తిథి, వర్జ్యం, రాహుకాలం ఉండే పెద్ద క్యాలెండరు. మా అమ్మ అనంతపురంలో దాని మీదే సంసారం మొత్తం రాసేది. గ్యాస్ వచ్చిన రోజు సున్నా చుట్టేది, పాలు పోయని రోజు ఇంటూ కొట్టేది, పనమ్మ నాగా పెడితే న అని ఒక్క అక్షరం, చీటీ డబ్బులు కట్టిన తారీకు, మా తమ్ముడికి సూది వేయించాల్సిన తారీకు, ఎవరికో ఇచ్చిన అప్పు, ఎవరి సీమంతమో, అన్నీ అందులోనే. డైరీ రాసే ఓపిక, టైమ్ ఏ అమ్మకీ లేదు కానీ క్యాలెండర్ మీద రాయని అమ్మ లేదు. ఏడాది అయిపోగానే మాత్రం దాన్ని చింపి పుస్తకాలకి అట్టలేసేస్తాం. అట్లా వెయ్యకండి. పుట్టిన నెల కాగితం, స్కూల్లో చేర్చిన నెల కాగితం, అవ్వ ఊరి నుంచి వచ్చి రెండు వారాలున్న నెల కాగితం, ఇవి చింపి మడిచి పుస్తకంలో అంటించండి, పక్కన ఆ గుర్తులకి అర్థాలు రాయండి, ఎందుకంటే ఆ న అంటే ఏంటో మీకు తప్ప ఎవరికీ తెలీదు. ఎన్ని స్టిక్కర్లు కొన్నా ఆ ఒక్క కాగితంలో ఉన్నంత సంగతి రాదు.

ఇట్లాంటివే ఇంకా చాలా ఉన్నాయి. సరుకుల చీటీ, మీ చేత్తో రాసింది, కందిపప్పు పక్కన రేటుతో సహా. స్కూల్ డైరీలో టీచర్ రాసిన కంప్లైంట్ జిరాక్స్. నందిని పాల ప్యాకెట్ ముందు వైపు కత్తిరించి కడిగి ఆరబెట్టింది, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ప్యాకెట్ చూస్తే పొద్దున్న వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది. లాల్‌బాగ్ ఫ్లవర్ షో టికెట్టు, కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషెకి, అదే వేరుశనక్కాయల తిరునాళ్ళకి, పోయినప్పుడు వేరుశనక్కాయలు కట్టిచ్చిన పొట్లం కాగితం. మెట్రో టోకెన్ మాత్రం దాచుకోలేం, దిగేటప్పుడు గేటు మింగేస్తుంది, మా చిన్నదానికి అది తెగ బాధ, అందుకని ఇంటికొచ్చి పుస్తకంలో గుండ్రంగా బొమ్మ గీసి పెట్టుకుంది, నాకైతే అసలు టోకెన్ కన్నా అదే బాగుంది. పాత నూలు చీర, అదే ఉయ్యాలకీ పొత్తిళ్ళకీ వాడింది, అందులోంచి అరచేయంత ముక్క కత్తిరించి పేజీకి సూదీదారంతో కుట్టండి, జిగురు కూడా అక్కర్లేదు.

మైల్‌స్టోన్ కార్డులని ఒకటి, బేబీ పక్కన పెట్టి ఫోటో తీసే చెక్క బిళ్ళలు, ఒన్ మంత్, టూ మంత్స్ అని రాసుంటాయి, ఆన్‌లైన్లో కొంటున్నారు. కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ మనకి బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, పలుకులకి చిలకలు ఉన్నాయి కదండీ. బొబ్బట్లని మా వైపు ఓళిగలంటాం లెండి, అది వేరే సంగతి. ఆరోజు ఇంట్లో ఎవరు చేశారు, పాకం ముదిరిందా, ఏ ఏ ఫ్లాట్లకి పంచారు, పక్కింటి కన్నడ ఆంటీ ఎందుకు పంచుతున్నారని అడిగితే మీరేం చెప్పారు, ఇది రాస్తే పేజీ నిండిపోతుంది. అన్నప్రాసన రోజు పిల్ల ముందు పుస్తకం, పెన్ను, డబ్బు, బంగారం అన్నీ పెడితే ఏది పట్టుకుందో అందరికీ గుర్తుంటుందనుకుంటాం, రెండేళ్ళకి ఒకరు పెన్నంటారు ఇంకొకరు గాజంటారు. ఆ రాత్రే రాసెయ్యండి.

పిల్లల మాటలు కూడా అంతే, రేపు రాద్దాంలే అంటే పోతాయి. బెంగళూర్లో పిల్లల భాష ఒక ఖిచిడీ, అన్నం వద్దంటే కన్నడంలో బేడ అంటారు, ఇంకా కావాలంటే మోర్ అంటారు, కోపమొస్తే మాత్రం అచ్చంగా వాళ్ళ జేజి అన్నట్టే తెలుగులో తిడతారు. ఎట్లా అంటే అట్లాగే రాయండి, సరిదిద్దకండి, కింద తారీకు వెయ్యండి. తెలుగులోనే రాయండి అని నా పట్టు, మా పిల్లలకి స్కూల్లో తెలుగు లేదు, ఇప్పుడు చదవలేరు, అయినా సరే. మా పెద్దది ఆ పుస్తకంలో తన గురించి ఏం రాశానో తెలుసుకోడానికే గుణింతాలు నేర్చుకుంటోంది, నేను చెప్పను మరి. అవ్వాతాతలు వచ్చినప్పుడు వాళ్ళచేత కూడా ఒక పేజీ రాయించండి. ఏం రాయాలమ్మా అంటారు, మీ కూతురికి మొదటిసారి ఉగ్గు ఎట్లా పెట్టారో రాయమనండి, బియ్యం ఎంత, పెసరపప్పు ఎంత, జీలకర్ర, వాము వేశారా లేదా, అంతే, ఇంక ఆపరు.

సామాన్ల సంగతికొస్తే, బయటి దేశాల కిట్లు కొనక్కర్లేదు. ప్రతి తెలుగింట్లోనూ అటక మీద ఒక కవర్ నిండా పాత శుభలేఖలుంటాయి, వెంకటేశ్వరస్వామి బొమ్మో వినాయకుడి బొమ్మో ఉంటుంది కాబట్టి చెత్తలో పడెయ్యడానికి చెయ్యి రాదు, అట్లా పేరుకుపోతాయి. ఎంత మంచి అట్టలండీ అవి, బంగారు అంచులు, మామిడి పిందెలు, నెమళ్ళు, పసుపు ముద్ర. అంచులు కత్తిరిస్తే బోర్డర్లు, వెనకవైపు తెల్లగా ఉంటే రాసుకోడానికి కార్డు, కవర్‌ని పేజీకి అంటిస్తే అందులో చీటీలు దాచుకోవచ్చు. ఎవరి పెళ్ళి శుభలేఖో ఒక మూల చిన్నగా రాసిపెట్టుకుంటే అదొక కథ. ఇంకా కాగితం కావాలనుకుంటే మెట్రోలో చిక్‌పేట స్టేషన్లో దిగండి, మా పర్పుల్ లైన్ వాళ్ళు మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారాలి, అక్కడి నుంచి అవెన్యూ రోడ్డు, సుల్తాన్‌పేట నడిచేంత దూరమే. శుభలేఖల వాళ్ళు, పేపర్ వాళ్ళు, స్టేషనరీ వాళ్ళు వరసగా ఉంటారు, ఆ ఇరుకులో పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి. చేత్తో చేసిన కాగితం, నూలు గుడ్డ పీలికలతో చేసింది అడగండి. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితంలో లిగ్నిన్ అని ఒక పదార్థం ఉంటుంది, దానివల్ల కాగితం పచ్చబడుతుంది, నూలు కాగితంలో ఆ బెడద ఉండదు. మీ పేపర్ కటింగ్ అంటించినా అదే జరుగుతుంది ఎడిటర్ గారూ, ఏమనుకోకండి, న్యూస్‌ప్రింట్ ఎండ తగిలితే కొన్నాళ్ళకే పసుపురంగు. కటింగ్ బదులు మంచి కాగితం మీద జిరాక్స్ తీసి అంటించుకోడం మేలు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి, మీ వ్యాసంలో లేనిది. అల్ట్రాసౌండ్ స్కాన్ చేసినప్పుడు చేతికిచ్చే నల్లటి బొమ్మ ఉంటుంది కదా, అది ఎక్కువగా థర్మల్ కాగితం, అంటే ఇంకుతో కాదు, వేడితో బొమ్మ పడే కాగితం. పోను పోను దానంతటదే వెలిసిపోతుంది. భద్రంగా ఉండాలని లామినేషన్ చేయిస్తారు చూడండి, ఆ వేడికి కాగితం మొత్తం నల్లగా అయిపోతుంది. మా ఫ్లోర్‌లో ఉండే ఒకావిడ తన మొదటి స్కాన్ లామినేషన్‌కిస్తే షాపతను నల్లటి బిళ్ళ చేసి చేతిలో పెట్టాడు, పాపం ఆవిడ అక్కడే ఏడ్చేసింది. స్కాన్ బొమ్మ ఇంటికి రాగానే ఫోటో తీసో స్కానర్లో పెట్టో మామూలు ఫోటో పేపర్ మీద ప్రింట్ వేయించుకోండి, అదే అంటించండి. బీఎంటీసీ బస్సులో మెషిన్ టికెట్టు, సూపర్ మార్కెట్ బిల్లు, ఆస్పత్రి క్యాంటీన్ బిల్లు, ఇవన్నీ కూడా థర్మలే, అన్నిటికీ జిరాక్స్.

జిగురు గురించి కూడా చెప్పాలి. సెల్లోటేప్ వద్దే వద్దు, కొన్నేళ్ళకి పచ్చగా ఎండి ఊడిపోతుంది, మరక మాత్రం పోదు. ఫెవికాల్ ఎక్కువ పూస్తే తడికి కాగితం ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్ నయం, ఫోటోలకైతే నాలుగు మూలలకి పెట్టే ఫోటో కార్నర్లు ఇంకా నయం, కావాలంటే ఫోటో మళ్ళీ తీసుకోవచ్చు. స్క్రాప్‌బుక్కులకీ జిగురుకీ మధ్య గొడవ ఇప్పటిది కాదులెండి, అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్ 1873లోనే ముందే జిగురు పూసిన పేజీలుండే స్క్రాప్‌బుక్‌కి పేటెంట్ తీసుకున్నాడు, తడి చేసి అంటించుకోడమే, ఆయనకి కూడా జిగురు డబ్బాతో విసుగొచ్చినట్టుంది. మన చిన్నప్పటి ఆల్బమ్‌లు, పైన ప్లాస్టిక్ పొర లేపి ఫోటో అతికించేవి, అవి మీ ఇంట్లో ఉంటే ఫోటోలు మెల్లగా బయటికి తియ్యండి, ఆ గమ్ము, ఆ పీవీసీ ప్లాస్టిక్ రెండూ ఫోటోలకి మంచివి కాదు. కవర్లు కొనేటప్పుడు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి అడగండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందు వైపు గీతలు తేలతాయి, మెత్తటి పెన్సిల్ వాడండి. పాదముద్రలకి పసుపు నీళ్ళు వాడకండి, ముచ్చటగా ఉంటుంది గానీ వెలుతురుకి పసుపు వెలిసిపోతుంది, స్టాంప్ ప్యాడ్ ఇంకు వాడి వెంటనే కాళ్ళు కడిగెయ్యండి.

ఒరిజినల్ కాగితాలు మాత్రం ఏ పరిస్థితిలోనూ పుస్తకంలో అంటించకండి. ఇక్కడ గర్భిణులకి ప్రభుత్వం ఇచ్చే తాయి కార్డు, టీకాల కార్డు, బర్త్ సర్టిఫికెట్, అన్నీ జిరాక్సులే పెట్టండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూల్ అడ్మిషన్ దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ దాకా పుట్టినతేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం, దాన్ని గ్లూ పెట్టి పువ్వుల పేజీకి అంటించారంటే తర్వాత మీ అవస్థ చూడాలి.

ఇంకొకటి రాయాలా వద్దా అనుకుని రాస్తున్నా. ఈ పుస్తకాల్లో అన్నీ మంచి రోజులే ఉండాలని ఎవరు చెప్పారో తెలీదు. కాన్పు తర్వాత పాలు పడక ఏడ్చిన రాత్రులు, కుట్ల నొప్పి, పథ్యం పేరుతో రోజూ అదే వెల్లుల్లి కారం అన్నం, అత్తగారొక మాట అమ్మొక మాట, వీళ్ళ మధ్య బిడ్డనెత్తుకుని మన గదిలో మనం ఒంటరిగా కూచోడం, ఇదీ తల్లితనమే కదా. రాయండి. అది చూపించుకోడానికి కాదు, కావాలంటే కవర్లో పెట్టి మూసెయ్యండి, మీ కూతురికి కాన్పయ్యే రోజున తెరిస్తే ఆ పిల్లకి ఎంత ధైర్యమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పైన ఆడవాళ్ళలో 13 శాతం దాకా డిప్రెషన్ లాంటి మానసిక సమస్యలు వస్తున్నాయి, మన లాంటి దేశాల్లో ఇంకా ఎక్కువ, దాదాపు 20 శాతం. రాస్తే కొంచెం తేలికవుతుంది కానీ వారాల తరబడి ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది పుస్తకంతో తీరేది కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. టెలి మానస్ అని ప్రభుత్వం ఫ్రీ ఫోన్ లైన్ ఉంది, 14416, రోజంతా పని చేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడతారు. మన బెంగళూర్లో మానసిక వైద్యం చేసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌లో అయితే తల్లీబిడ్డలిద్దర్నీ కలిపి చూసే వార్డు కూడా ఉంది, బిడ్డని విడిచిపెట్టి ఉండక్కర్లేదు. దిష్టి తగిలిందని దారాలు కడతా కూచునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇంత వివరంగా రాశాను.

మరి ఇవన్నీ ఇన్‌స్టాలో పెట్టొచ్చు కదా అంటారు కొందరు. పిల్ల నోరు తెరిచి ఏడ్చిన ఫోటో, పక్క తడిపిన కథ, రేపు ఆ పిల్లకి పదిహేనేళ్ళొచ్చాక క్లాసులో ఎవడో చూపిస్తాడు. పుస్తకమైతే ఇంట్లో ఉంటుంది, ఎవరికి చూపించాలో ఆ పిల్లే చూసుకుంటుంది.

చివరగా మీకొక విన్నపం. నెలకొకసారి ఆదివారం బుక్‌లో ఒక పేజీ, అదీ ఆ నున్నటి కాగితం ఉన్న పేజీ, ఖాళీగా వదలండి. పైన ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు. ఈ నెల మీ ఇంట్లో ఎక్కువసార్లు వండిన కూర ఏది, నిన్న పిల్లలు మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఏది, మీ అమ్మ మీకు ఫోన్ చేసి మొదట అడిగే మాట ఏది, ఇట్లాంటివి. బహుమతులొద్దు, పోటీలొద్దు, మీకు పంపించమని కూడా అడగొద్దు. కత్తిరించుకుని పుస్తకంలో పెట్టుకుంటాం. అది నింపడానికి నాన్నలక్కూడా ఒక గడి పెట్టండి, ఊరికే చూస్తా కూర్చుంటే ఎట్లా.

ఉత్తరం పెద్దదైపోయింది, మీకు జాగా చాలదని తెలుసు. కడలెకాయల సంగతి తీసెయ్యండి, మార్క్ ట్వెయిన్‌ని తీసెయ్యండి, ఇన్‌స్టా పేరా కూడా తీసెయ్యండి ఫర్వాలేదు. స్కాన్ బొమ్మకి లామినేషన్ చేయించొద్దన్న మాట, ఆ 14416 నంబరు, ఈ రెండు మాత్రం కత్తిరించకండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
కుందలహళ్ళి, బెంగళూరు